వేపమండ చెప్పిన కబురు

మా వత్సవాయి వైపు పాతకాలపు ఇళ్ల ద్వారబంధాలకు పైన రెండు కొసలా చిన్న చిన్న మేకులు కనిపిస్తాయి. పండుగ పూట మామిడి తోరణం కట్టడానికే వాటిని కొట్టారని చిన్నతనంలో అనుకునేవాడిని. వాటికి మరొక ఉపయోగం కూడా ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఇంట్లో ఎవరికైనా ‘అమ్మవారు పోస్తే’ ఆ మేకులకే వేపమండలు కట్టేవారట. వేపమండ కనిపించిన గుమ్మం బయటివారు తొక్కరు. ఆ ఇంటికి చుట్టాలు రారు. ఆ ఇంటి బట్టలు చాకలికి వేయరు. ఆ ఇంట్లో పోపు పెట్టరు. అమ్మవారు దిగి, తలకు నీళ్లు పోసిన తరువాతనే ఆ మండలు తీసేవారు.

ఈ ఆచారంలో భక్తి ఎంత, భయం ఎంత అన్నది పెద్ద చర్చ. దానిలోకి నేను వెళ్లబోవడం లేదు. నాకు ఆసక్తి కలిగించినది వేరొక సంగతి. అక్షరజ్ఞానం లేని ఊరికి ఆ వేపమండ ఎంత సమాచారం అందించేదో చూడండి. జబ్బు ఏ ఇంట్లో ఉన్నదో చెప్పేది. అది ఏ జబ్బో చెప్పేది. ఎదుటివారు ఏమి చేయాలో, ఏమి చేయరాదో చెప్పేది. ఎప్పటితో ముగిసిందో కూడా చెప్పేది. పైగా ఆ కబురు చెప్పినది ఆ ఇంటివారే కనుక దానిని ఎవరూ శంకించేవారు కాదు.

తరువాతి కాలంలో రోగి ఇంటి నుంచి ఆసుపత్రికి తరలిపోయాడు. వేపమండ కట్టవలసిన బాధ్యత కూడా అతనితోపాటే ఆసుపత్రికి బదిలీ అయింది. ఆ బాధ్యతను ఆసుపత్రులు ఎట్లా మోశాయి, ఎక్కడ దించివేశాయి అన్నదే ఈ వ్యాసానికి విషయం.

అంటువ్యాధి కాలంలో ఆసుపత్రి చెప్పవలసిన కబుర్లు మూడని నాకు తోస్తుంది. మొదటిది ఊరందరికీ చెప్పవలసినది. ఈ జబ్బు ఏమిటి, రాకుండా ఏమి చేయాలి? రెండవది గేటు దగ్గర నిలబడినవారికి చెప్పవలసినది. లోపల చోటున్నదా, లేకపోతే ఎక్కడికి పోవాలి? మూడవది తమ మనిషిని లోపల వదిలి వచ్చినవారికి చెప్పవలసినది. మీవాడు ఎట్లా ఉన్నాడు? చరిత్రను తిరగేస్తే ప్రభుత్వాలు, ఆసుపత్రులు మొదటిదాని మీద ఎంతో శ్రమపడినట్టు కనిపిస్తుంది. రెండవదాని మీద ఆలస్యంగానైనా దృష్టి పెట్టినట్టు కనిపిస్తుంది. మూడవది మాత్రం ఎప్పుడూ చివరి పనిగానే మిగిలిపోయింది. పుకార్లు పుట్టినది చాలా వరకు అక్కడే.

* 

మొదటి కబురుతో ప్రారంభిస్తాను. 1796లో ఇంగ్లండులో జెన్నరు గోమశూచి టీకాను ప్రయోగించాడు. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు వేసిన టీకా మన దేశంలో ఫలించిన మొదటి టీకా. అక్కడి నుంచి ఒకరి చేతి పొక్కులోని రసి మరొకరి చేతికి ఎక్కిస్తూ దక్షిణాదికి కూడా తెచ్చారు. అమ్మవారిని దేవతగా కొలిచే జనానికి ఈ కొత్త పద్ధతిని ఎట్లా చెప్పాలన్నది అప్పటి చెన్నపట్నం అధికారులకు పెద్ద చిక్కు.

అక్కడ ఒక విచిత్రమైన ప్రయత్నం జరిగింది. ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ పేరు తెలుగువారికి కొత్త కాదు. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, అది దక్షిణాది భాషా కుటుంబానికి చెందినదని నిరూపించినవాడు ఆయనే. ఆ ఎల్లిసే టీకా ప్రచారం కోసం ఒక పురాణకథ వంటిదానిని కల్పించాడు. అందులో శక్తి ధన్వంతరికి ఉపదేశం చేస్తుంది. గోవు మనుషులకు ప్రసాదించిన వరాలలో ఈ గోమశూచి కూడా ఒకటి అని ఆ ఉపదేశ సారాంశం.

ఎల్లిస్ ఉద్దేశం మంచిదే. జనానికి తెలిసిన దేవత చేత, జనానికి తెలిసిన ఆవు పేరుతో చెప్పిస్తే వింటారని ఆయన అనుకొని ఉంటాడు. జనం భాషలో, జనం నమ్మకాల మధ్యనుంచి మాట్లాడాలన్న సూత్రం ఈనాటికీ సరైనదే. కాని అది కల్పించిన శాస్త్రం. అటువంటి కల్పనలను నిజమని నమ్మి, జెన్నరు కంటే ముందే భారతదేశంలో టీకా ఉండేదని రాసిన పాశ్చాత్య పండితులు కూడా ఆ శతాబ్దంలో తేలారు. ఒకరిని ఒప్పించడానికి చెప్పిన అబద్ధం చెప్పినవారి వర్గాన్నే తిరిగి మోసగించింది. ప్రజారోగ్య ప్రచారానికి ఇంతకంటే మంచి గుణపాఠం ఉండదు. జనం భాషను అరువు తెచ్చుకోవచ్చు గాని జనం నమ్మకాన్ని దొంగిలించరాదు.

* 

మూడవ కబురు ఎంత ముఖ్యమో తెలియాలంటే ప్లేగు కాలానికి రావాలి. 1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. రోగులను బలవంతంగా ఆర్థర్ రోడ్డు అంటువ్యాధుల ఆసుపత్రికి తరలించడం మొదలైంది. తీసుకుపోయినవారిలో చాలామంది తిరిగి రాలేదు. ప్లేగు అటువంటిది, ఇంట్లో ఉన్నా ఎక్కువమంది బతికేవారు కాదు. కాని ఇంట్లో చనిపోతే ఎట్లా చనిపోయాడో నలుగురూ చూస్తారు. ఆసుపత్రిలో చనిపోతే చూసినవారు లేరు. లోపల మనుషుల ఒంట్లోనుంచి తైలం తీస్తున్నారని, చంపడానికే తీసుకుపోతున్నారని పుకార్లు లేచాయి. ఆ అక్టోబరు నెలాఖరులో సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆసుపత్రి మీద పడ్డారు.

ఆ కార్మికులను మూర్ఖులని తీసిపారేయడం తేలిక. వారి స్థానంలో నిలబడి ఆలోచిస్తే వేరుగా ఉంటుంది. ఇంటి యజమానిని నలుగురు బండిలో వేసుకుపోయారు. వెంట ఎవరినీ రానీయలేదు. వారం దాటినా కబురు లేదు. గోడకు అవతల ఏమి జరుగుతున్నదో చెప్పేవాడు లేనప్పుడు మనసు తనకు తెలిసిన అతి భయంకరమైన కథను తెచ్చి ఆ ఖాళీలో పెట్టుకుంటుంది.

ప్రభుత్వం ముందు దీనిని చట్టంతో ఎదుర్కోవాలని చూసింది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. చాలా చిన్న చట్టం. ప్రభుత్వం ప్రత్యేక చర్యలు తీసుకోవచ్చును, నిబంధనలను ప్రకటించవచ్చును, ఉల్లంఘించినవారిని శిక్షించవచ్చును, సద్భావంతో పనిచేసిన అధికారి మీద దావా వేయరాదు. అంతే. తీసుకుపోయిన మనిషి సంగతి వారి ఇంటికి చెప్పాలన్న మాట అందులో లేదు. ఆ సంవత్సరమే జూన్ 22న పూనాలో ప్లేగు అధికారి ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ఇళ్లల్లోకి సైనికులు చొరబడిన తీరు మీద పేరుకుపోయిన కోపం అది. ఆ తరువాత కొన్నేళ్లకు ప్రభుత్వం మెల్లగా దారి మార్చుకున్నది. బొంబాయిలో కులాలవారు, మతాలవారు తమ తమ ఆసుపత్రులు పెట్టుకోవడానికి, బంధువులు దగ్గర ఉండడానికి, వైద్యులను, హకీములను పిలిపించుకోవడానికి అనుమతులు వచ్చాయి. మందు మారలేదు, ప్లేగుకు అప్పటికి సరైన మందే లేదు. మారినది లోపలి మనిషికి, బయటి మనిషికి మధ్య ఉన్న గోడ ఎత్తు మాత్రమే. దానితోనే ప్రతిఘటన చాలావరకు తగ్గింది.

ఇదే 1897లో పూనా దగ్గర సావిత్రీబాయి ఫూలే, ఆమె పెంచుకున్న కొడుకు డాక్టరు యశ్వంత్ ఒక చికిత్సా కేంద్రం నడిపారు. సావిత్రీబాయి స్వయంగా రోగులను అక్కడికి చేర్చేది. అట్లా ఒక పిల్లవాడిని మోసుకువస్తూ తాను ప్లేగు తగిలి మార్చి 10న కన్నుమూసింది. ఆమె పంచిన కరపత్రమేదీ నాకు తెలియదు. జనం ఎరిగిన మనిషి రోగిని తన భుజాన వేసుకొని ఆసుపత్రి వైపు నడవడమే అప్పటికి అన్నిటికంటే గట్టి ప్రకటన.

* 

చెన్నపట్నం రాష్ట్రంలో మరొక పద్ధతి నడిచింది. ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి రైళ్లలో వచ్చినవారికి ఒక చీటీ ఇచ్చేవారు. దానికి ప్లేగు పాసుపోర్టు అని పేరు. దానిని పట్టుకొని పది రోజులపాటు ప్రతిదినం స్థానిక అధికారికి కనపడాలి. అప్పట్లో మా నందిగామ తాలూకా కృష్ణా జిల్లాకు కొసన ఉండేది. మాకు అవతల నిజాం రాజ్యం. 1889లో సికింద్రాబాదు నుంచి బెజవాడకు రైలు పడిన తరువాత ఆ సరిహద్దు మీదుగా సరుకుతోపాటు జబ్బులు కూడా వేగంగా ప్రయాణించే వీలు కలిగింది. సరిహద్దు ఊళ్లవారికి తనిఖీలు కొత్తవి కావని చెప్పడానికే ఈ ప్రస్తావన. దీని కొనసాగింపు మళ్లీ 2020లో చూడబోతాము.

సరిహద్దుకు అవతల హైదరాబాదులో 1911లో ప్లేగు విజృంభించింది. 1915లో అక్కడ అంటురోగుల కోసం ఒక ఆసుపత్రి మొదలై తరువాత నల్లకుంటకు మారింది. మలేరియా పరాన్నజీవిని దోమలో కనిపెట్టిన రోనాల్డ్ రాస్ పేరు దానికి పెట్టారు. ఆయన 1897 ఆగస్టు 20న ఆ పరిశోధన చేసినది సికింద్రాబాదులోనే. కాని జనం నోట అది రాస్ ఆసుపత్రి కాలేదు. ‘కోరంటి దవాఖానా’ అయింది. ‘క్వారంటైన్’ అన్న మాట నాలుక మీద అరిగి ‘కోరంటి’ అయింది.

ఈ మాట ప్రయాణం ముచ్చటైనది. 1377లో ఆడ్రియాటిక్ తీరంలోని రగూసా రేవులో బయటి ఓడలను ముప్పై రోజులు ఆపే నియమం పెట్టారు. తరువాత వెనిస్‌వారి వాడుకలో అది నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైకి ఉన్న మాట నుంచి క్వారంటైన్ పుట్టింది. ఐదు శతాబ్దాలకు పైగా తిరిగి, గోరింట పూల వంటి ధ్వనితో హైదరాబాదు బస్తీలకు చేరింది. ఒక ఆసుపత్రికి జనం పెట్టుకున్న పేరులోనే ఆ ఆసుపత్రి వారికి ఏమని చెప్పిందో దాగి ఉంటుంది. ప్రసూతి ఆసుపత్రిని కాన్పుల ఆసుపత్రి అన్నారు. అక్కడ జరిగేది కాన్పు. దీనిని కోరంటి అన్నారు. జనానికి కనిపించినది వేరుచేయడం.

1918 ఇన్‌ఫ్లుయెంజాను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. మన దేశంలో దానికి బలైనవారు కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ కాలపు ప్రచార వైఫల్యానికి ప్రపంచమంతా చెప్పే ఉదాహరణ అమెరికాలోని ఫిలడెల్ఫియా. జబ్బు అప్పటికే నగరంలో ఉన్నది. వైద్యులు హెచ్చరించారు. పత్రికలు ఆ హెచ్చరికలను వేయలేదు. ఆరోగ్యాధికారి భయం లేదన్నాడు. సెప్టెంబరు 28న యుద్ధ రుణాల కోసం రెండు లక్షలమందితో ఊరేగింపు జరిగింది. మూడు రోజులు తిరిగేసరికి నగరంలోని ఆసుపత్రుల మంచాలన్నీ నిండిపోయాయి. జనం బెదిరిపోతారని నిజం దాచారు. నిజం తెలిసిన నాడు జనం బెదరడమే కాదు, అధికారుల మాట నమ్మడం కూడా మానేశారు.

* 

మంచి ఉదాహరణ లేదా అంటే ఉన్నది. అది మళ్లీ మశూచి దగ్గరే ఉన్నది. 1970 దశకంలో మశూచి నిర్మూలన కార్యకర్తలు చేతిలో ఒక రంగుల బొమ్మ పట్టుకొని తిరిగేవారు. మశూచి పొక్కులతో ఉన్న పసిబిడ్డ బొమ్మ అది. సంతలో, బడిలో, గుమ్మాల ముందు దానిని చూపి ‘ఇట్లాంటి జబ్బు మీ ఊళ్లో ఎవరికైనా ఉన్నదా?’ అని అడిగేవారు. కొత్త కేసు చూపినవారికి బహుమానం ప్రకటించారు. కేసులు తగ్గేకొద్దీ బహుమానం పెంచుతూ పోయి చివరికి వెయ్యి రూపాయలు చేశారు. మన దేశంలో ఆఖరి కేసు 1975 మేలో బయటపడింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతటా మశూచి పోయిందని ప్రకటించింది.

ఆ బొమ్మకార్డు గొప్పతనం ఎక్కడున్నది? అంతకు ముందు శతాబ్దంన్నరపాటు అధికారులు జనానికి చెప్పారు. బొమ్మకార్డుతో వారు జనాన్ని అడిగారు. నీకు తెలిసినది నాకు తెలియదు, చెప్పు అన్నారు. వేపమండ కట్టిన గుమ్మం ఎక్కడున్నదో ఊరివాడికే తెలుసు గాని డాక్టరుకు తెలియదు కదా. అట్లా అడిగిన నాడే వేపమండకు, ఆసుపత్రికి మధ్య సంధి కుదిరింది.

సార్స్ అనుభవం తరువాత 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటువ్యాధి కాలపు సమాచారానికి ఐదు సూత్రాలు చెప్పింది. నమ్మకం, ముందుగా ప్రకటించడం, దాపరికం లేకపోవడం, జనం మాట వినడం, ముందస్తు ప్రణాళిక. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. వీటిలో ఒక్కొక్కటి తప్పినప్పుడు ఏమవుతుందో మా సరిహద్దు మీదనే చూశాము.

* 

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదులో హాస్టళ్లు మూసివేస్తున్నారన్న వార్తతో విద్యార్థులు, ఉద్యోగులు అక్కడి పోలీసుల అనుమతి పత్రాలు తీసుకొని స్వస్థలాలకు బయలుదేరారు. జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టులో వారిని ఆపివేశారు. ఒక ప్రభుత్వం ఇచ్చిన కాగితం రెండవ ప్రభుత్వానికి కబురుగా చేరలేదు. వందలమంది రోడ్డు మీదనే రాత్రి గడిపారు. ముఖ్యమంత్రులు మాట్లాడుకున్న తరువాత, క్వారంటైన్‌కు ఒప్పుకున్నవారిని పరీక్షలు చేసి పంపించారు. నూట ఇరవై ఏళ్ల కిందటి ప్లేగు పాసుపోర్టు నాకు ఆ రోజు గుర్తుకు వచ్చింది. నాడు కనీసం చీటీ ఒక్కటే ఉండేది.

2021 మేలో రెండవ విజృంభణ. ఈసారి ఆపినది ఇటువైపు నుంచి వెళుతున్న అంబులెన్సులను. మా మెట్ట ప్రాంతం వారికి పెద్ద జబ్బు వస్తే విజయవాడ ఎంతో ఖమ్మం, హైదరాబాదు కూడా అంతే. తరాలుగా ఉన్న అలవాటు అది. మే 10 నుంచి తెలంగాణ పోలీసులు సరిహద్దులో అంబులెన్సులను నిలిపివేశారు. మా దారిలో కోదాడ వైపు రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, కర్నూలు దారిలో పుల్లూరు టోల్‌గేటు దగ్గర రోగులు బండ్లలోనే ఎదురుచూశారు. హైకోర్టు కలగజేసుకున్న తరువాత ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం అక్కడి ఆసుపత్రి ముందుగా మంచం ఇస్తానని ఒప్పుకోవాలి, కంట్రోలు రూము అనుమతి ఇవ్వాలి, అప్పుడు బయలుదేరాలి. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

తెలంగాణ ప్రభుత్వం చెప్పిన కారణంలో పూర్తిగా న్యాయం లేదనలేము. మంచం ఉన్నదో లేదో తెలియకుండా ఊపిరాడని మనిషిని రెండు వందల కిలోమీటర్లు తీసుకుపోవడం ప్రమాదమే. కాని ఆ సంగతి బండి బయలుదేరక ముందు తెలియవలసినది. సరిహద్దులో పోలీసు నోట తెలియవలసినది కాదు. రెండవ కబురు, అంటే ‘లోపల చోటున్నదా’ అన్న ప్రశ్నకు జవాబు, ఆసుపత్రి తలుపు మీద కాక రోడ్డు మీద అడ్డకర్రగా ప్రత్యక్షమైంది. చెప్పవలసినవాడు చెప్పకపోతే ఆపవలసినవాడు ఆపుతాడు.

ఖాళీ మంచాల లెక్క బయటపెట్టడం అసాధ్యమైన పని కాదు. 2020 జూన్, జూలై నెలలలో తెలంగాణ హైకోర్టు అక్కడి కొవిడ్ బులెటిన్లలో తగిన వివరాలు లేవని పలుమార్లు తప్పుబట్టింది. జూలై చివరి నుంచి బులెటిన్లలో ఆసుపత్రుల వారీగా ఖాళీ మంచాల లెక్క రావడం మొదలైంది. మన రాష్ట్రంలోను 104 నంబరు, ఆసుపత్రులలో సహాయ కేంద్రాలు వచ్చాయి. ఎన్ని లోపాలున్నా అవి మంచి పనులు. ఆ అంకెలు గంట గంటకు నిజంగా ఉంటేనే వాటి విలువ. ఖాళీ ఉన్నదని చూపిన ఆసుపత్రి గేటు దగ్గర లేదంటే ఆ తరువాత ఏ అంకెనూ ఎవరూ నమ్మరు.

తెలియనిదానిని చెప్పవలసి వచ్చినప్పుడు ఏమి చేయాలో ఏలూరు నేర్పింది. 2020 డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఉన్నట్టుండి వందలమంది మూర్ఛ వచ్చి పడిపోసాగారు. ప్రభుత్వాసుపత్రికి తెచ్చిన చాలామంది గంటలలోనే కోలుకున్నారు. కారణం మాత్రం తేలలేదు. నీటిలో క్లోరిన్ ఎక్కువైందన్నారు. ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తరువాత పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చునన్నారు. ఇన్ని మాటలు మారితే జనం ఏది నమ్మాలి? పరిశోధనలో మాట మారడం తప్పు కాదు. ‘ఇంతవరకు తెలిసినది ఇది, ఇంకా పరీక్షిస్తున్నది ఇది, ఈలోగా మీరు చేయవలసినది ఇది’ అని మూడు ముక్కలు విడదీసి ప్రతిదినం ఒకే వేళకు చెబితే మాట మారినా నమ్మకం మారదు. కోజికోడ్‌లో 2018 మేలో నిపా వచ్చినప్పుడు కేరళ ప్రభుత్వం ఇంచుమించు అట్లా రోజూ చెప్పింది.

* 

చివరికి మూడవ కబురు. 2020 మేలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో చేరిన ఒక వ్యక్తి ఏమయ్యాడో చెప్పమని ఆయన కుటుంబం వేడుకోవడం పత్రికలలో వచ్చింది. ఆయన మరణించాడని, పురపాలక సిబ్బంది అంత్యక్రియలు జరిపారని, కుటుంబానికి తెలియజేశామని ఆసుపత్రి చెప్పింది. తమకు తెలియదని కుటుంబం అన్నది. కుటుంబంలో మిగతావారు కూడా అదే జబ్బుతో చికిత్సలో ఉన్న రోజులవి. ఎవరి మాట నిజమని తేల్చే శక్తి నాకు లేదు. కబురు చెప్పడం, కబురు అందడం ఒకటి కాదని మాత్రం ఆ సంఘటన చూపింది.

ఇది ఎంత నిజమో మరుసటి ఏడు మా ఇంట్లోనే తెలిసింది. 2021 మే నెలలో మా బాబాయికి జ్వరం వచ్చి ఆయాసం పెరిగితే ఒక పట్టణంలోని ఆసుపత్రిలో చేర్చాము. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. గేటు లోపలికి తీసుకుపోయిన తరువాత రెండు పగళ్లు, రెండు రాత్రులు ఏ సమాచారమూ లేదు. ఇచ్చిన నంబరు మోగేది గాని ఎత్తేవారు లేరు. మా పిన్ని గేటు ఎదురుగా చెట్టు కింద కూర్చుని, ‘బాగున్నాడని చెప్పమనడం లేదురా అబ్బాయ్, ఉన్నాడో లేడో అదన్నా చెప్పమను’ అనేది. ఆ చెట్టు కిందనే ఒక మాట పుట్టింది. లోపల కిడ్నీలు తీస్తున్నారట. సామాన్లన్నీ మూటగట్టి ఇచ్చేది అందుకేనట. చదువుకున్నవారు కూడా ఆ మాట చెప్పారు. నూట పాతికేళ్ల కిందటి ఆర్థర్ రోడ్డు తైలం నాకు ఎదురుగా కనిపించింది. చదివినప్పుడు వెనుకటివారి అజ్ఞానమని నవ్వుకున్నాను. ఆ రెండవ రాత్రి నాకు నవ్వు రాలేదు. సగం నమ్మాను కూడా.

మూడవ రోజు సాయంత్రం ఒక నర్సమ్మ తన సొంత ఫోను నుంచి పిలిచింది. ‘మీ నాన్నగారా అండీ?’ అని అడిగింది. బాబాయి అన్నాను. ‘పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారండీ. ఆక్సిజన్ మీద ఉన్నారు. తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమండీ. రేపు ఆరింటికి మళ్లీ చేస్తాను’ అన్నది. మాట్లాడినది అర నిమిషం. మరునాడు ఆరింటికి చేసింది. ఆ మరునాడు ఆరు దాటి పది నిమిషాలకు చేసి ఆలస్యమైనందుకు నొచ్చుకున్నది. ఆ తరువాత మా పిన్ని చెట్టు కింది మాటలు వినడం మానేసింది. ‘ఆరింటికి ఆ అమ్మాయి చెబుతుందిలే’ అనేది.

తొమ్మిదవ రోజు ఆ ఫోను తెల్లవారుజామున వచ్చింది. ఎత్తకముందే మాకు అర్థమైంది. ఆమె దాచలేదు, తిప్పి చెప్పలేదు. ఆఖరుకు ఏమి అడిగారు అని పిన్ని అడిగితే ‘మంచినీళ్లు అడిగారమ్మా, పట్టాను’ అన్నది. ఆ ఒక్క మాటను మా ఇంట్లో ఎవరమూ అనుమానించలేదు. ఆరు రోజులపాటు ఆమె మంచిని మంచిగా, చెడును చెడుగా చెప్పింది కనుక ఏడవ రోజు మాట కూడా నమ్మాము. అదే రోజు గేటు దగ్గర మరొక కుటుంబం రాళ్లు తీసుకున్నది. వారికి తొమ్మిది రోజులలో ఒక్క ఫోనూ రాలేదు. వారికీ మాకూ తేడా అంతే.

ఆ నర్సమ్మకు ఆ పని ఎవరూ అప్పగించలేదు. ఆమె జీతంలో ఆ ఫోను ఖర్చు కూడా లేదు. మందులు ఇవ్వాలి, సిలిండర్లు చూడాలి, ఒంటి నిండా ఆ ప్లాస్టిక్ తొడుగు వేసుకొని చెమటలో తడవాలి. ఆ మధ్యలో అర నిమిషం. ఒక మనిషి దయ మీద నడిచిన ఈ పనిని ఆసుపత్రి పద్ధతిగా మార్చలేమా అన్నదే నా ప్రశ్న. ప్రతి వార్డుకు కబురు చెప్పే ఒక మనిషి, ప్రతి కుటుంబానికి ఒక వేళ, ఆ వేళకు నిజం. దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. బులెటిన్లలో ఎన్ని మంచాలు ఖాళీయో వేయడం నేర్చుకున్నాము. నిండిన మంచాలలో ఉన్నవారి సంగతి వారి ఇళ్లకు చెప్పడం కూడా చికిత్సలో భాగమేనని ఎప్పుడు నేర్చుకుంటామో?

ఇరుగు పొరుగున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి కథ వినని పిల్లలుండరు. జబ్బు చేసిందని ఆమెను అత్తింటివారు పశువుల కొట్టంలో వేరుగా ఉంచారన్న ఘట్టం దగ్గర వినేవారి కంట నీరు వస్తుంది. జబ్బు చేసినందుకు కాదు. పలకరించేవారు లేకుండా ఉంచినందుకు. వేరుగా ఉంచడం ఎప్పుడైనా తప్పనిసరి కావచ్చు. వేపమండ కట్టిన ఇంట్లో కూడా రోగిని వేరుగానే ఉంచేవారు. కాని గుమ్మం లోపల నుంచి ఎవరో ఒకరు ‘ఈరోజు కాస్త నయమే’ అని కేక వేసి చెప్పేవారు.

వత్సవాయిలో మా పాత ఇంటిని బాబాయి పోయిన మరుసటి ఏడు బాగు చేయించాము. మేస్త్రి ద్వారబంధానికి సున్నాలు గీకి రంగు వేస్తూ, ఆ తుప్పు మేకులు పీకేయమంటారా అని అడిగాడు. ఉండనీ అన్నాను.